వెయిక్కో లెక్కలో రెండో బండి

మా ఎదురింటి వెయిక్కో ఒకావిడని చూసుకున్నాడనీ, ఆవిడ గోధుమ మైదానంలో ఉంటుందనీ, ఈ ఫిబ్రవరిలో మంచు మీద పోయే మోటారుబండి, అదే మంచుబండి, ఎక్కి ఆవిడ దగ్గరికి పోతున్నాడనీ మా ఊరు కివిలాంపిలో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట తప్పు. తప్పని చెప్పాల్సింది కూడా నేనే, ఎందుకంటే అందులో సగం పుట్టింది నా నోట్లోంచే.

నవంబరులో ఒక ఉదయం పోస్టాఫీసుకి వెళ్ళాను. డెనీస్ ఉత్తరాలు సర్దుతోంది. దాని చేతిలో నీలం కవరు ఒకటి కనబడింది. మీద అక్షరాలు గుండ్రంగా, ఒద్దికగా ఉన్నాయి. ఆడచెయ్యి.

"ఎవరికే అది?"

"నీకు కాదు, కెర్తు అక్కా."

"నాకు కాదని తెలుసు. నాకు కరెంటు బిల్లు తప్ప ఏమొస్తుంది? ఎవరికి?"

"నా ఉద్యోగం పోతుంది."

"పేరు చెప్పొద్దులే. ఏ వీధో చెప్పు."

"మీ వీధే."

"ఏ వైపు?"

డెనీస్ నవ్వేసి గడ్డంతో అటువైపని చూపించింది. మా వీధిలో అటువైపు ఉన్నది ఒకే ఇల్లు.

ఆ ఆదివారం చర్చి కింది గదిలో కాఫీ పోస్తూ, వెయిక్కోకి మైదానం నుంచి ఉత్తరాలొస్తున్నాయి, రాసేది ఆడమనిషి అన్నాను. అంతే అన్నాను. మిగతాదంతా ఊరు వండుకుంది. డిసెంబరు వచ్చేసరికి ఆవిడకి నాలుగు వందల ఎకరాలు, బంగారు పన్ను, ఇద్దరు చచ్చిపోయిన మొగుళ్ళు కూడా వచ్చి చేరారు.

వెయిక్కో లహ్టీకి అరవై మూడేళ్ళు. కాగితం మిల్లు మూతపడేదాకా అందులో పనిచేశాడు. తరవాత మంచుబండ్ల క్లబ్బు వాళ్ళ దారులు చదును చేసే పెద్ద యంత్రం నడుపుతున్నాడు. పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు. వాళ్ళావిడ ఇర్మా అలా కాదు. ఇర్మా నవ్వితే వీధి చివరింటి కుక్క మొరిగేది. ఏడేళ్ళయింది ఇర్మా పోయి.

మా వైపు మంచుబండి దారులన్నీ అడవిలోంచే పోతాయి. రెండు వందల గజాలు తిన్నగా ఉండే చోటు వెతికినా దొరకదు. అందుకని ముందు నడిపే మనిషి ప్రతి వంపు దగ్గరా వేగం తగ్గించి వెనక్కి తిరిగి చూస్తాడు. వెనక బండి దీపం చెట్ల మధ్య కనబడితేనే వంపు తిరుగుతాడు. కనబడకపోతే ఆగుతాడు. ఆగినా రాకపోతే వెనక్కి పోతాడు. ఇది మాకెవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. చెంచా పట్టుకోవడం ఎలా వచ్చిందో అలాగే వచ్చింది. వంపు దగ్గర మెడ తిరగని వాణ్ణి ఎవరూ ముందు నడపనివ్వరు.

ఇర్మా ఇరవై ఆరు శీతాకాలాలు వెయిక్కో వెనకే నడిపింది. ఒకసారి మా ఆవిరిగదిలో కూర్చుని వీపు రుద్దుకుంటూ అంది: "ఇంట్లో మా ఆయన నా మొహం చూడడు, కెర్తు అక్కా. గంజిలో ఉప్పెక్కువైనా గిన్నెతోనే చెప్తాడు. అదే అడవిలోకి వెళ్తే మైలుకి పదిసార్లు వెనక్కి తిరిగి చూస్తాడు. అందుకే నాకు మంచు పడితే పండగ."

మైదానానికి వెళ్దామన్నది కూడా ఇర్మాయే. జీవితంలో ఒక్కసారైనా చెట్టు అడ్డం లేకుండా నడపాలని ఉందంది. ఆ ప్రయాణం సంగతి మాట్లాడడానికి క్లబ్బు గదిలో అందరం చేరాం. అప్పట్లో మాలో మైదానం చూసినవాళ్ళు ఎవరూ లేరు. చూడకపోతేనేం, సలహాలకి కరువా? క్లబ్బు పెద్ద ఓస్సీ బల్లమీద చెయ్యి చరిచి మొదలుపెట్టాడు.

"మైదానం అంటే ఏముందోయ్? చెట్లు కొట్టేసిన అడవి. అంతే."

"నీ బుర్రలాగన్నమాట," అంది ఇర్మా. ఓస్సీకి నలభైకే జుట్టంతా పోయింది.

"నవ్వు, నవ్వు. గొడ్డలి పెట్టుకున్నారా? భూర్జచెట్టు బెరడు పెట్టుకున్నారా నిప్పు రాజెయ్యడానికి? సరస్సు దాటేటప్పుడు మంచుగడ్డ మందం చూసుకోవడానికి తొలిచే బరమా?"

"అక్కడ సరస్సులున్నాయా?" అన్నారెవరో.

"సరస్సు లేని ఊరు ఉంటుందటయ్యా!"

అలా గొడ్డలి, బెరడు, బరమా, తాడు, చెట్ల మధ్య లోతు మంచులో నడవడానికి మంచుచెప్పులు, అన్నీ మూటకట్టాం. అన్నీ అడవికి కావలసినవే. దిక్సూచి పెట్టుకోమని ఒక్కరం అనలేదు. మా అడవిలో దిక్కు కొండకొసని బట్టో సరస్సు ఒడ్డుని బట్టో తెలుస్తుంది, దానికి సూది ఎందుకు? బయలుదేరే రోజు పొద్దున నేను యాలకుల రొట్టె పట్టుకుని వాళ్ళ ట్రక్కు దగ్గరికి వెళ్ళాను. ఇర్మా అద్దం దించింది. ప్రయాణమయ్యే ప్రతివాళ్ళనీ మేం అడిగే మాటే నేనూ అడిగాను.

"దారి తప్పితే ఎక్కడికి పోవాలి?"

"చెట్లలోకి," అంది ఇర్మా, పాఠం అప్పజెప్పినట్టు.

"మంచి పిల్లవి," అన్నాను. మా చెట్లలోకి పోతే గాలి తగలదు, మంటకి పుల్లలు దొరుకుతాయి.

ఇర్మా తప్పిపోయింది ప్రయాణంలో రెండో రోజు. మంచు కురవలేదు. ఆకాశం నీలంగా, మబ్బు తునక లేకుండా ఉందట. గాలి మాత్రం నేలమీది పొడిమంచుని మనిషెత్తు దాకా లేపిందట. పైన ఎండ, కింద పాలు మరిగినట్టు తెలుపు. దారి పొలాల పక్క కాలవ వెంబడి పందొమ్మిది మైళ్ళు గీత గీసినట్టు తిన్నగా పోతుంది. వెయిక్కో ముందు, ఇర్మా వెనక. ఎక్కడో నాలుగో మైలులోనో అయిదో మైలులోనో ఇర్మా బండి బెల్టు తెగి బండి ఆగిపోయింది. వెయిక్కో వెనక్కి చూసింది పదకొండో మైలులో, అదీ ఒక రోడ్డు అడ్డం వచ్చి ఆగాల్సి వచ్చింది కాబట్టి.

పోలీసులు అడిగితే అతను చెప్పింది రెండే మాటలు. ఓస్సీ అడిగినా అవే. కూతురు పౌలా ఏడుస్తూ భుజాలు పట్టుకుని కుదిపినా అవే.

"వంపు రాలేదు."

నిజమే. ఇరవై ఆరేళ్ళుగా ఆ మెడ వంపు దగ్గర తిరిగింది. వంపు రాలేదు, మెడ తిరగలేదు. ఇలాంటి తప్పు మా అడవివాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యరు. మైదానం వాళ్ళు మొదటినుంచీ గడియారం చూసుకుని వెనక్కి తిరిగి చూస్తారట.

ఇర్మా కూడా మా అడవిమనిషిలాగే చేసింది. ఆ తెలుపులో దూరంగా ఒక చెట్ల వరస కనబడింది. బండి వదిలేసి అటు నడిచింది. అవి అడవి చెట్లు కావు. ఒకప్పుడు అక్కడ ఒక ఇల్లుండేదట, గాలి తగలకుండా దాని చుట్టూ నాటిన పొదల వరస అది. ఇల్లు తీసేసి ఇరవై ఏళ్ళయింది, చెట్లు మాత్రం ఉన్నాయి. సన్నటి కొమ్మలు, ఇటునుంచి చూస్తే అటు కనబడేవి, ఇప్పుడు గాలిని ఆపలేనివి. వెయిక్కో వెతుక్కుంటూ వెనక్కొచ్చినప్పుడు ఆ వరసకి వంద గజాల దూరంలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. మర్నాడు పొద్దున్న గాలి ఆగాక ఆ పొలం ఆవిడ తన వంటింటి కిటికీలోంచి చూసి, అక్కడ ఎర్రగా ఏదో ఉందని వెళ్ళిందట. ఎర్రది ఇర్మా టోపీ.

ఆ తరవాత వెయిక్కో మెడ మారిపోయింది. ఇప్పుడది ఎక్కడైనా తిరుగుతుంది. కొట్టు మలుపులో, చర్చి మెట్ల దగ్గర, తన పెరటిగుమ్మంలో, ప్రతి చోటా ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు, చూస్తాడు. ఊరికే చూసి పోడు. నువ్వు నాలుగుసార్లు ఊపిరి తీసుకునేంతసేపు నిలబడతాడు. తరవాత కదులుతాడు. దారులు చదును చేసే యంత్రం మీద కూడా అంతేనట. దానివెనక చిక్కుకున్న కుర్రకారు హారన్లు మోగించి మోగించి ఊరుకున్నారు.

మొన్న పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేసే రోజున చర్చినుంచి వస్తూ నేనతని వెనక పది అడుగుల దూరంలో నడుస్తున్నాను. మిల్లు మూల దగ్గర ఆగాడు. తిరిగాడు. నాకేసి చూస్తున్నాడనుకుని "ఏమయ్యా, కాలు నొప్పా?" అన్నాను. ఆ కళ్ళు నామీద లేవు. నా భుజం పక్కనుంచి, నా వెనక రోడ్డు మీద ఉన్నాయి. పగలు రెండు గంటలు, ఎండ కాస్తోంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అయినా ఇంటికొచ్చేదాకా రోడ్డుకి ఓ పక్కగా నడిచాను, వెనకనుంచి వచ్చేవాళ్ళకి దారి ఇస్తున్నట్టు.

ఇక ఈ శీతాకాలం సంగతి. డిసెంబరులో ఒక మధ్యాహ్నం కాఫీ తాగుతుంటే ఎదురు షెడ్డులోంచి ఇంజను శబ్దం వచ్చింది. వెయిక్కోదే. అది ఆగింది. వెంటనే ఇంకొకటి మొదలైంది. మొదట ఖళ్ళుమంది, ఆగింది, మళ్ళీ ఖళ్ళుమని అందుకుంది. నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. ఇర్మా బండి దగ్గు మా వీధిలో పిల్లికి కూడా తెలుసు. ఏడేళ్ళుగా గుడ్డ కప్పి ఉంది ఆ బండి. ఇర్మాయే వచ్చి కూర్చున్నట్టు అది దగ్గుతోంది, నేను కిటికీ దగ్గరికి వెళ్ళలేకపోయాను. డెబ్భై నాలుగేళ్ళలో నేను వెళ్ళి చూడని కిటికీ అదొక్కటే.

తరవాతి వారం ఓస్సీ వచ్చాడు. వాడి వెనక వెయిక్కో నల్లకుక్క ముస్తి ఉంది.

"కుక్కని ఎత్తుకొచ్చావా ఏమిటి?"

"ఇచ్చాడు అక్కా. 'ఉంచుకో' అన్నాడు."

"ఎన్నాళ్ళు?"

ఓస్సీ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. వాడికి జోకు తోచలేదంటే విషయం మంచిది కాదు.

"ఎన్నాళ్ళని చెప్పలేదు. ఫిబ్రవరిలో మైదానం వెళ్తున్నానన్నాడు. 'నేనూ రానా?' అందామనుకున్నా. నోరు పెగల్లేదు. ఆ మూటలు కట్టింది నేనే కదా! గొడ్డలి పెట్టుకో, బరమా పెట్టుకో అని. వాడి మొహం చూస్తే నాకు ఆ బరమాయే కనబడుతుంది."

"మరి ఆ ఆడమనిషో?"

"ఆడమనిషి కోసం వెళ్ళేవాడు కుక్కని ఇచ్చేస్తాడా అక్కా? కుక్కని తీసుకెళ్తాడు, చూపించుకోడానికి."

ఆ మర్నాడు పౌలా ఫోను చేసింది. పట్నంలో ఆసుపత్రిలో పనిచేస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లోనే సగం తిండి తిన్న పిల్ల.

"అత్తా, నాన్న ఏం చేస్తున్నాడు? అడిగితే 'దారి చూస్తున్నా' అంటాడు. ఫోను పెట్టేస్తాడు. నువ్వెళ్ళి కనుక్కో. వెళ్ళనీ, నేను అడ్డం చెప్పను. తిరిగొస్తాడా రాడా, అదొక్కటి కనుక్కో. నువ్వు అడిగితే ఎవరైనా చెప్పేస్తారు."

"అడుగుతానే," అన్నాను.

కానీ ఒక సంగతి పౌలాకి తెలియదు. ఏడేళ్ళలో నేను వెయిక్కో గురించి డెనీస్‌ని అడిగాను, ఓస్సీని అడిగాను, పాస్టరుని అడిగాను, అతని బూట్లు కుట్టేవాణ్ణి కూడా అడిగాను. వెయిక్కోని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే అతను తిరిగి నన్నో ప్రశ్న అడగొచ్చు. ట్రక్కు అద్దం దగ్గర ఇర్మాతో ఏం చెప్పావని.

మర్నాడు పది గంటలకి యాలకుల రొట్టె కాల్చి, వేడి తగ్గకముందే గుడ్డలో చుట్టి రోడ్డు దాటాను. వెయిక్కో తలుపు తీశాడు. నన్ను చూశాడు, నా వెనక చూశాడు, నాలుగు ఊపిరులసేపు. తరవాత పక్కకి తప్పుకున్నాడు.

"రొట్టె తెచ్చావా, చూపులు తెచ్చావా?" అన్నాడు.

"రెండూ. కాఫీ పెట్టు."

వంటింటి బల్ల మీద తినడానికి చోటు లేదు. పెద్ద పటం పరిచి ఉంది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, కానీ పటం చదవగలను. మా అడవి పటం పిల్లి ఆడుకున్న ఊలు ఉండలా ఉంటుంది. ఇది గళ్ళ తువ్వాలు. గీతలు, చదరాలు, మళ్ళీ గీతలు. చూస్తుంటే కళ్ళు ఎక్కడ ఆగాలో తెలియదు. ఒక గీత మీద మాత్రం పెన్సిలుతో చిన్న చిన్న అడ్డగీతలున్నాయి. లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

"ఏమిటివి?"

"వంపులు."

"తిన్నగా ఉంది కదయ్యా."

"అందుకే. లేనిచోట మనమే పెట్టుకోవాలి. అరమైలుకొకటి." కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి నావైపు తిరగకుండానే చెప్పాడు. "ఆవిడ కర్రలు పాతించింది. స్టెఫా. కొసన నారింజ గుడ్డ కట్టి."

"స్టెఫా అంటే ఆ…"

"ఆ పొలం ఆవిడ. ఇర్మాని చూసినావిడ." ఇప్పుడు తిరిగాడు. "బంగారు పన్ను ఉందో లేదో నాకు తెలియదు, కెర్తు అక్కా. ఆవిడకి ఎనభై ఒకటి."

నా చెవులు వేడెక్కాయి. అతను సొరుగులోంచి నీలం కవర్ల కట్ట తీసి, పైది నా ముందు పెట్టాడు. "చదువుకో. డెనీస్ కంటే నువ్వే ఎక్కువ కష్టపడ్డావు దీని కోసం."

ఉత్తరం చిన్నది. "వెయిక్కో గారికి, మీరు చెప్పినట్టు ముప్పై ఎనిమిది కర్రలూ మా మనవడి చేత పాతించాను. రెండు గాలికి ఒరిగాయి, మళ్ళీ నిలబెట్టించాను. ఆ చెట్ల సంగతి నేను ప్రతిసారీ అడుగుతున్నాను, మీరు చెప్పడం లేదు. అవి మా మామగారు నాటినవి. ఇల్లు తీసేసినప్పుడే వాటినీ తీసేయించి ఉంటే బాగుండేది. గిన్నెలు కడుగుతుంటే కిటికీలోంచి కనబడతాయి. నేను కిటికీకి వీపు పెట్టి కడుగుతున్నాను ఏడేళ్ళుగా. నరికించమంటారా, ఉంచమంటారా? స్టెఫానియా."

చదివి మడిచాను. మడత సరిగా రాలేదు. మళ్ళీ విప్పి మడిచాను.

"ఏం చెప్పావు ఆవిడకి?"

"నేనొచ్చేదాకా ఉంచమన్నాను."

"వెళ్ళి ఏం చేస్తావు?"

"చూస్తాను. అక్కడ నిలబడితే దారి కనబడుతుందో లేదో. నేను అటు ఇటు తిరిగానే, నా దీపం ఇర్మాకి కనబడిందో లేదో."

పొయ్యి మీద కాఫీ పొంగింది. అతను గిన్నె దించి గుడ్డతో తుడిచాడు. రొట్టె కోశాను. ముక్కలు లావుగా, సన్నగా ఎలా పడితే అలా తెగాయి. ఏదో ఒకటి అనాలి కదా అని, "ఈసారి గొడ్డలి పెట్టుకోవా?" అన్నాను.

"దేన్ని కొట్టను? కంచె గుంజల్నా?"

"ఓస్సీ బాధపడతాడు."

"ఓస్సీ బరమా కూడా పెట్టుకోమంటాడు. సముద్రంలో పడేసినా వాడు ముందు మంచుగడ్డ మందం చూడమంటాడు."

ఇద్దరం నవ్వాం. ఆ వంటింట్లో నవ్వు విని ఎన్నేళ్ళయిందో! పటం పక్కన ఒక కాగితం కనబడింది. అతని చేతిరాత, మిల్లులో పలకమీద రాసినట్టు పెద్ద అక్షరాలు. చదవకుండా ఉండాలని నేను ప్రయత్నించలేదు. దిక్సూచులు రెండు. వేడి కాఫీ సీసాలు రెండు. బెల్టులు నాలుగు, బండికి రెండు చొప్పున. నిద్రసంచులు రెండు. పెట్రోలు, రెండు బండ్లకి, తొంభై మైళ్ళకి. ప్రతి వరసలోనూ రెండు.

కింద ఇంకో కాగితం ఉంది. పసుపుపచ్చగా మారింది. అందులోనూ అదే. దాని కింద ఇంకొకటి. ఒక్కొక్క దాని మీదా ఒక్కొక్క సంవత్సరం.

షెడ్డులో ఆ దగ్గు గుర్తొచ్చింది. చచ్చిపోయిన మనిషికి కాఫీ సీసా, దిక్సూచి, పెట్రోలు లెక్కవేసి పెట్టుకున్న వాడు మైదానానికి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ సన్నటి చెట్ల దగ్గర రెండో నిద్రసంచి పక్కన పరిచి, తన సంచిలో దూరి పడుకుంటాడు. ఈసారి స్టెఫా కిటికీలోంచి ఏ రంగు చూడాలి?

"రెండో బండి ఎవరికయ్యా?" అందామనుకుని, "రొట్టెలో యాలకులు ఎక్కువయ్యాయా?" అన్నాను.

"లేదు."

"ఈ మధ్య యాలకులు మంచివి రావడం లేదు."

"బానే ఉంది."

"పౌలా ఫోను చేసింది."

"ఊఁ."

"ముస్తి ఓస్సీ సోఫా కొరికేసిందట."

"మంచి పని చేసింది. దరిద్రపు సోఫా."

ఇలా ఒక కప్పు కాఫీ అయిపోయింది. రెండో కప్పు పోశాడు. ఊళ్ళో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తియ్యకుండా చెప్పగల మనిషిని, ఈ బల్ల దగ్గర నాలుక మడతపడిపోయింది. అప్పుడు అనిపించింది, నేను భయపడుతున్నది అతని జవాబుకి కాదు, నా వంతు వస్తుందని. అయితే రానీ అనుకున్నాను. ముందు నా మాట నేనే బల్లమీద పెట్టాను.

"వెయిక్కో, ఆ రోజు ట్రక్కు దగ్గర ఇర్మాకి చెట్లలోకి పొమ్మని చెప్పింది నేను."

అతను చెంచా కప్పులో వేసి తిప్పాడు. చక్కెర వేసుకోలేదు, అయినా తిప్పాడు.

"తెలుసు. నేను పక్కనే స్టీరింగు దగ్గరున్నాను కదా. నా చేత కూడా చెప్పించావు. నేనూ చెట్లలోకే అన్నాను."

అది నాకు గుర్తే లేదు. ఏడేళ్ళుగా ఆ అద్దంలో నాకు ఇర్మా మొహమొక్కటే కనబడింది. పక్కసీట్లో ఉన్నవాడు ఏమన్నాడో ఒక్కసారి కూడా వినలేదు.

కళ్ళు తుడుచుకున్నాను. ముక్కు చీదాను. కుర్చీ అతని వైపు జరుపుకుని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఇక తప్పించుకోడానికి అతనికీ నాకూ చోటు లేకుండా చేసి అడిగాను.

"సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఈ కాగితం మీద రెండో బండి ఎవరిది? నువ్వు వెళ్ళి తిరిగొస్తావా, రావా?"

వెయిక్కో చాలాసేపు నా మొహమే చూశాడు. నా వెనకకి కాదు, నన్నే.

"ఒక్కణ్ణే వెళితే రాను అక్కా. అది నాకు తెలుసు. అందుకే ఏడేళ్ళూ వెళ్ళలేదు. ఎవరో ఒకరు 'పద, నేనూ వస్తా' అంటారేమోనని ప్రతి శీతాకాలం రెండు బండ్లకీ లెక్క వేసి పెట్టుకుంటున్నాను. నా గురించి మీరందరూ ఊరంతా అడిగారు, నన్ను తప్ప. ఈ ఏడు ఎవరూ రాకపోయినా వెళ్ళిపోదామనే కుక్కని ఇచ్చేశాను. ఇవాళ నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. రెండో బండి మీద ఎవరొచ్చినా సరే, వాళ్ళు ముందుండాలి. ముందు నడపడం ఇక నా వల్ల కాదు."